జింకల ఆఫీసు వాళ్లం

మా అమ్మ నా ఉద్యోగం గురించి చుట్టాలకు ఒక్కసారి కూడా సూటిగా చెప్పలేదు. ఆదివారం చర్చి అయిపోయాక మెట్ల దగ్గర నిలబడి ఎవరైనా "బిడ్డ ఏం జేస్తున్నది?" అని అడిగితే, "ఆఫీసుల చేస్తున్నది" అనేది. "ఏ ఆఫీసు?" అంటే, "గదే, గవర్నమెంటు లెక్కనే ఉంటది" అని మాట మార్చి వాళ్ల పిల్లల పరీక్షల గురించి అడగడం మొదలుపెట్టేది. నిజానికి మాది గవర్నమెంటుకు ఆమడ దూరంలో ఉండే చిన్న సంస్థ. అడవి జంతువులనూ, అవి బతికే నేలనూ కాపాడటం మా పని. ఈ మాట చెబితే ఆ రోజుల్లో నిజామాబాద్‌లో ఎవరికీ అంతుపట్టేది కాదు. అందుకని ఊళ్లవాళ్లే మాకో పేరు పెట్టారు, జింకల ఆఫీసు అని. నన్ను చూడటానికి వచ్చిన ఒక సంబంధంవాళ్ల పెద్దమ్మ చాయ్ తాగుతూ, "మరి జీతం జింకలే ఇస్తయా?" అని అడిగింది. అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. ఆ సంబంధం కుదరలేదు, దానికి ఇవాళ్టికీ దేవునికి వందనాలు చెప్పుకుంటాను.

తొంభైల చివరి సంవత్సరాలవి. టీచర్ ఉద్యోగం వచ్చేదాకా ఏదో ఒకటి చేద్దామని అందులో చేరాను. టైపు కొట్టడం వచ్చు, రెండు మూడు నెలల పని అనుకున్నాను. చాలా ఏళ్లు ఉండిపోయాను. ఎందుకు ఉండిపోయావని అడిగితే నా దగ్గర ఒకటే జవాబు ఉంది. నేను నా బతుకులో చూసిన మంచివాళ్లలో సగం మంది ఆ రెండు గదుల్లోనే ఉన్నారు.

ఆ రెండు గదులు ఒక పిండి గిర్నీ మీద ఉండేవి. కింద గిర్నీ తిరిగితే పైన మా బల్లలు వణికేవి. నేను టైపు కొడుతుంటే మిషను దానంతట అదే బల్ల చివరికి జరిగేది, దాన్ని వెనక్కి లాక్కుంటూ కొట్టాలి. ఫైళ్ల మీద, కుర్చీల మీద, గోడకు తగిలించిన జింక బొమ్మ మీద పిండి. మా ఆఫీసుకు వచ్చినవాళ్లెవరైనా వీపు మీద జొన్నపిండితోనే వెళ్లేవాళ్లు.

మేం నలుగురం. సంస్థ పెట్టింది సార్. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. ఆయనకు చెట్లంటే ప్రాణం, అది మాటవరసకు అనడం కాదు. చొక్కా జేబులో పెన్నుతో పాటు చిన్న పట్టకారు పెట్టుకుని తిరిగేవాడు. రోడ్డు పక్క వేపచెట్టుకు ఎవరైనా మేకు కొట్టి బోర్డు తగిలిస్తే జీపు ఆపించి, దిగి, ఆ మేకు పీకి జేబులో వేసుకుని వచ్చేవాడు. ఒకసారి ట్యూషన్ సెంటర్ ఓనరుతో బజారులో పెద్ద గొడవైంది. "చెట్టుకు నొప్పి అయితదా సార్?" అని అతను వెటకారంగా అడిగితే, సార్ ఏ మాత్రం కోపం లేకుండా, "నీకు కొట్టి సూద్దామా మరి?" అన్నాడు.

ఊళ్లు తిరిగే పని అక్కది. భీమ్‌గల్ వైపు పసుపు పండించే ఇంటి ఆడపడుచు. ఆమె గొంతు తగ్గించి మాట్లాడగా నేను వినలేదు. పొలం గట్ల మీద ఎట్లా నడవాలో, ఊళ్లో ఎవరింట్లో ముందు కూర్చోవాలో, మంచినీళ్లు ఇస్తే ఎందుకు వద్దనకూడదో నాకు నేర్పింది ఆమే. జీపు నడిపేది భాయ్. జీపు ఏదో ఆఫీసు వేలంలో కొన్నది, వెనక తలుపుకు గడియ లేక తాడు కట్టి ఉండేది. ఆ తాడు విప్పడం, కట్టడం భాయ్ ఒక్కడికే చేతనయ్యేది.

మా పని ఎక్కువగా బోధన్ అవతల ఒక ఊళ్లో నడిచింది. ఊరి పేరు చెప్పను, చెబితే నా మీద అలుగుతారు. చుట్టూ చెరకు. క్రషింగు రోజుల్లో, అంటే చక్కెర ఫ్యాక్టరీ చెరకు ఆడే కాలంలో, ఆ దారిలో వెళితే ఎడ్లబండ్ల వెనక చెరకు లాగే పిల్లలు, ఫ్యాక్టరీ వైపు నుంచి గాలి వస్తే ముక్కు పట్టుకునేంత మడ్డి వాసన. ఆ చెరకు మధ్యలో, మంజీర వైపు, ఊరి బంచరాయి ఉండేది. అంటే ఊరి పశువులన్నీ మేసే ఉమ్మడి భూమి. ఒక్క చెట్టు లేదు. కురచ గడ్డి, నల్లమట్టి, అక్కడక్కడా రాళ్లు. మొదటిసారి చూసినప్పుడు, దీన్ని కాపాడటానికా ఇంత దూరం వచ్చామని మనసులో అనుకున్నాను కూడా. అప్పుడు జింకలు లేచాయి. కృష్ణజింకలు. నల్లటి పోతు ఒకటి మెడ నిక్కించి మమ్మల్ని చూసింది. మెలితిరిగిన కొమ్ములు వెనక్కి వాల్చి, ఉన్నట్టుండి గాలిలోకి ఎగిరింది. దాని వెనకున్నవన్నీ సరిగ్గా అదే చోటికి వచ్చి, ముందు ఏ అడ్డమూ లేకపోయినా ఎగిరాయి. నేను పడీపడీ నవ్వాను. అక్క నన్ను చూసి, "అయిపాయె, ఇగ నువ్వు యాడికీ పోవు" అంది.

ఆ భూమికి గండం ఉంది. కాలువ నీళ్లు దాని దాకా వచ్చాయి. దాన్ని ముక్కలు చేసి చెరకు పెట్టుకుందామని ఊళ్లో చాలామంది అన్నారు. అది తప్పని నేను అనను, రెండెకరాలు ఉన్నవాడికి ఇంకో అరెకరం దొరికితే బిడ్డ చదువు గట్టెక్కుతుంది. ఆ ఊరి సర్పంచ్ ఒక పెద్దావిడ. మేం అవ్వా అని పిలిచేవాళ్లం. బంచరాయికి ఆనుకుని, నదివైపు ఉన్న చెరకు ఆమెదే. భూమి పంచితే ఆమె ఇంటికి కూడా లాభమే. అయినా ఊరందరినీ కూర్చోబెట్టి, సార్ చెప్పింది చివరిదాకా విని, ఒక్క మాట అంది.

"జింకలున్నన్ని దినాలు ఉంచుదం. అవి పోయిన నాడు చెరుకు వెట్టుకుందం. ఎవ్వలు మల్ల నన్ను అడుగొద్దు."

అందరూ ఒప్పుకున్నారు. తిరిగి వస్తూ సార్ జీపులో ముందు సీట్లో కూర్చుని దారంతా ఏదో రాగం తీశాడు. ఆయన పాడగా అదే మొదటిసారి వినడం, బాగాలేదు కానీ ఎవరం ఆపలేదు. అన్నేళ్లు కాళ్లరిగేలా తిరిగితే మా సంస్థ చేతికి దక్కిన భూమి అదొక్కటే.

మరి అంత మంచి భూమి చేతికి వచ్చాక ఊరుకుంటామా? ఊరుకోవాల్సింది. కానీ ఏదో ఒకటి చెయ్యకపోతే మాకు చేతులు దురద పెట్టేవి. ఎండాకాలం జింకలకు నిలబడటానికి నీడ లేదని సార్‌కు బెంగ పట్టుకుంది. బెంగ ఆయనతో మొదలై మా నలుగురికీ పాకింది. మృగశిర కార్తె వచ్చేసరికి నర్సరీ నుంచి కానుగ, వేప, నేరేడు మొక్కలు దిగాయి. ఊరి ఆడవాళ్లు గుంతలు తీశారు. మేకల వాళ్లు మొక్కలు పెరిగేదాకా అటు రామని గొణుక్కుంటూనే మాట ఇచ్చారు. బంచరాయి ఈ కొస నుంచి ఆ కొసదాకా నాటేశాం. నాటుతూ ఫొటోలు దిగాం. ఆ ఫొటోలో నా మొహం చూస్తే లోకాన్ని ఉద్ధరించినట్టు ఉంటుంది.

ఆ తర్వాత ఎండాకాలాలు ఆ మొక్కలను ఎట్లా బతికించామో నాకు తెలుసు. జీపు వెనక బండి తగిలించి, దాని మీద డ్రమ్ములు పెట్టి కాలువ నుంచి నీళ్లు తెచ్చేవాళ్లం. చెంబులతో పోసేవాళ్లం. భాయ్‌కి అక్కడ ఒక కానుగ మొక్క సొంతం. నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కుని వజూ చేసుకున్న నీళ్లు వృథాగా పోకుండా దాని పాదులో పడేట్టు కూర్చునేవాడు. ఆ మొక్క మిగతావాటికంటే పచ్చగా, ముందుగా పెరిగింది. "మీ నీళ్లల్ల దువా ఉన్నది భాయ్" అని అక్క ఆటపట్టించేది. భాయ్ సిగ్గుపడేవాడు.

మొక్కలు మోకాళ్లు దాటాయి, నడుము దాటాయి. జింకలు తగ్గాయి.

మొదట మేం పట్టించుకోలేదు. చలికాలం కదా, మంజీర ఒడ్డున పచ్చిక ఉంటుంది, అటు పోయి ఉంటాయి అనుకున్నాం. ఎండాకాలం వచ్చినా రాలేదు. అప్పుడు అనుమానాలు మొదలయ్యాయి. ఊరకుక్కలు తరుముతున్నాయేమో అన్నాడు భాయ్. ఎవరో ఉచ్చులు పెడుతున్నారని నాకు గట్టి నమ్మకం, నాకు మనుషుల మీద అనుమానం తొందరగా వస్తుంది. అక్కకైతే చెరకు కొట్టడానికి మహారాష్ట్ర నుంచి వచ్చినవాళ్ల మీద పడింది. నేరుగా వాళ్ల గుడిసెల దగ్గరికి పోయి, "మా జింకలను ఏం జేసిండ్రు?" అని మీద పడింది. వాళ్లకు తెలుగు రాదు, ఈమెకు మరాఠీ రాదు. చాలాసేపు అరిచాక ఈమె ఆకలితో ఉందని వాళ్లు అనుకున్నట్టున్నారు, కూర్చోబెట్టి జొన్నరొట్టె, కారం పెట్టారు. అక్క తిని వచ్చింది. "గంత మంచిగ రొట్టెలు జేసేటోళ్లు జింకలను పట్టరు" అని తీర్పు చెప్పి, ఆ అనుమానాన్ని అంతటితో కొట్టేసింది.

ఇంతలో అవ్వ దగ్గర నుంచి కబురొచ్చింది. ఊరివాళ్లు అడుగుతున్నారు, వానలకు ముందే మీటింగు పెడుతున్నాం, రండి అని. ఏం అడుగుతారో మాకు తెలుసు. జింకలేవి? జింకలు లేకపోతే మాట ప్రకారం భూమి చెరకుకు పోతుంది. ఇక అక్కడ అవి తిరిగి వచ్చే చోటే ఉండదు.

మీటింగుకు ముందు ఒకరోజు సార్ మమ్మల్ని బంచరాయికి తీసుకెళ్లాడు. మొక్కల మధ్య అటూ ఇటూ నడిచాడు. తర్వాత ఉన్నట్టుండి పంచె సర్దుకుని గొంతుకూర్చున్నాడు. ఎండకు తల తిరిగిందేమోనని నేను నీళ్ల సీసా పట్టుకుని పరిగెత్తాను.

"నువ్వు గూడ కూసో" అన్నాడు. కూర్చున్నాను.

"జింక తల గింత ఎత్తుల ఉంటది. ఇక్కడికెల్లి ఏం కనిపిస్తున్నది చెప్పు."

"మొక్కలు సార్."

"మొక్కల అవతల?"

చూశాను. అవతల ఏమీ కనిపించలేదు. ఎటు తిరిగినా ఆకులే. కుక్క వచ్చినా, నక్క వచ్చినా మీద పడేదాకా తెలియదు. జింకకు ఉన్న ఆస్తి రెండే, కళ్లూ కాళ్లూ. దూరం నుంచి చూడాలి, చూసి ఉరకాలి. దానికి కావలసింది నీడ కాదు, ఖాళీ. దాన్ని మేం చెంబులతో నీళ్లు పోసి మరీ మూసేశాం. సార్ అక్కడే మట్టిలో కూలబడ్డాడు. "కుక్కలు గాదు, ఎవ్వలు గాదు. మనమే ఎల్లగొట్టినం" అన్నాడు. నేను నీళ్ల సీసా మూత తీసి ఇచ్చాను. ఆయన తాగలేదు, అలవాటుగా పక్కనున్న మొక్కకు పోయబోయి ఆగిపోయాడు.

మీటింగులో సార్ అడిగించుకోలేదు. ముందే లేచాడు. "మీరు నమ్మి భూమి చేతుల వెడితే మేం పాడు జేసినం. జింకలకు బయలు గావాలె, మేం తోట వెట్టినం. తప్పు మాది. దసరా దాటేదాంక గడువిస్తే మేం పెట్టినవన్నీ మేమే తీసేస్తం" అన్నాడు. గదంతా నవ్వులు. నవ్వరా మరి? వెనక నుంచి ఒకాయన, "సారూ, పెట్టేటప్పుడు ఫొటోలు దిగిండ్రు, పీకేటప్పుడు గూడ దిగుతరా?" అని అడిగాడు. లేచి ఏదో అనబోతే అక్క నా కొంగు పట్టి కూర్చోబెట్టింది. ఎప్పుడూ నోరు ఆగని అక్క ఆరోజు నన్ను ఆపిందంటే పరిస్థితి అర్థం చేసుకోండి. సార్ మాత్రం ఆయనవైపు తిరిగి, "దిగుదం, నువ్వు గూడ రా" అన్నాడు. అవ్వ నవ్వలేదు. "ముందుగాల పీకి సూపెట్టుండ్రి, దసరా ఎల్లినంక మాట్లాడుదం" అని లేచిపోయింది.

పీకడం అన్నంత తేలిక కాదు. వేర్లు దిగిన మొక్క చేత్తో రాదు, చుట్టూ తవ్వాలి. మొదటిది సారే తవ్వాడు. చెట్టుకు మేకు కొడితే బాధపడే మనిషి గడ్డపార పట్టుకుని వేపమొక్క మొదట్లో పొడుస్తుంటే చూడలేక నేను పక్కకు తిరిగాను. ఆయన చేతులకు అలవాటు లేదు, వెంటనే బొబ్బలు లేచాయి. భాయ్ గడ్డపార అడిగితే ఇవ్వలేదు. భాయ్ కానుగ దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం సార్ ఆగి, "ఇది ఉండనియ్ భాయ్" అన్నాడు. భాయ్ తల అడ్డంగా ఊపాడు. "నా చెట్టయితే జింక భయపడదా సాబ్?" అని, వేరు తెగకుండా మెల్లగా తవ్వి, మట్టి గడ్డతో సహా గోనెలో చుట్టి జీపులో పెట్టుకున్నాడు.

ఊళ్లోవాళ్లు చూడటానికి వచ్చారు. "పెట్టినోళ్లే పీకుతుండ్రు, పిస గిట్ల లేసిందా?" అని మాకు పిచ్చి పట్టిందనుకున్నారు. మొదటి రోజు చూసి నవ్వి వెళ్లారు. తర్వాత, గుంతలు తీసిన ఆడవాళ్లే ఒకరొకరుగా వచ్చి కొంగులు బిగించారు. ఎవరూ పిలవలేదు. "గా నేరేడు నా వాకిట్ల పెట్టుకుంటనే అక్కా" అని ఒకామె, "మా చేను గట్టుకు రెండు వేపలు" అని ఇంకొకామె. చెప్పుకోవడానికి మొక్కల కోసం, నిజంగా మా కోసం. మా సంగతి మాకు తెలుసు, ఆ ఎండలో మా నలుగురి వల్ల అయ్యే పని కాదది. ఫొటోల సంగతి అడిగిన ఆయన కూడా ఎడ్లబండి కట్టుకుని వచ్చాడు. బండి నిండా మొక్కలు ఎక్కించుకుంటూ నన్ను చూసి, "కోపం పోయిందా బిడ్డా?" అన్నాడు. పోయింది. ఆయనకు నేనిప్పటికీ రుణపడి ఉన్నాను, అప్పుడు చెప్పలేదు కాబట్టి ఇక్కడ చెబుతున్నాను.

వానలు పడ్డాయి. గుంతలన్నీ పూడ్చాం. గడ్డి మళ్లీ లేచింది, మేకలు వచ్చాయి, పశువులు వచ్చాయి. వారం వారం వెళ్లి చూసేవాళ్లం. జింకలు రాలేదు. మా అమ్మ కూడా ఆ రోజుల్లో రాత్రి ప్రార్థనలో రోగులు, ప్రయాణికులు, వితంతువుల తర్వాత చిన్నగా "జింకలు" అని చేర్చేది. నాకు నవ్వొచ్చేది కాదు.

దసరా దాటింది. పంచాయతీ గదిలో మళ్లీ కూర్చున్నాం. ఆ ఉదయమే అక్క బంచరాయి అంచున గిట్టల గుర్తులు చూసింది. జింకవే కావచ్చు, మేకవి కావచ్చు. "జింకవే అని చెప్పుండ్రి సార్, మన పానం నిలవడతది" అని దారంతా బతిమాలింది. నేనూ అదే అన్నాను, అబద్ధం చెప్పడం నాకు అంత కష్టమైన పనేమీ కాదు, అంత పెద్ద అవసరం ఉన్నప్పుడు. సార్ విన్నాడు. అవ్వ అడిగింది, "జింకలు వచ్చినయా సారూ?"

"రాలేదవ్వా" అన్నాడు సార్.

అంతే. ఇంకో మాట కలపలేదు. గదిలో గుసగుసలు లేచాయి. అవ్వ కాసేపు తన చేతి గాజులు సర్దుకుంది. తర్వాత అందరి వైపూ చూసింది. "ఇన్నేండ్లల్ల మన ఊరికి శానమంది వచ్చిండ్రు. చెట్లు పెట్టి పోయినోళ్లున్నరు, బోర్డు పాతి పోయినోళ్లున్నరు. చేసింది తప్పయిందని మల్లొచ్చి పీకినోళ్లను నేనైతే సూడలే. ఇంకో ఏడు సూద్దాం" అంది. ఎవరో "మాట మాటే గదా అవ్వా?" అన్నారు. "మాట నేనే ఇచ్చిన, నేనే జర పొడుగు జేస్తున్న. చెరుకు యాడికి ఉరుకుతది?" అని ఆమె కసిరింది. సార్ దండం పెట్టబోతే చేతులు పట్టుకుని ఆపింది. ఆ బొబ్బలు మానిన మచ్చలు ఆమె చూసిందో లేదో నాకు తెలియదు.

బయటికి వచ్చాక మాతో పాటు బంచరాయి దాకా నడిచింది. "ఎటు పోయినయి సారూ గవి?" అని అడిగింది. సార్ మంజీర వైపు చెయ్యి చూపించాడు. అవి అటు పోయినప్పుడు కొట్టేసి ఉన్న ఆమె చెరకే ఇప్పుడు మధ్యలో ఉంది, మనిషికంటే ఎత్తుగా, జింక దాటి రాలేనట్టు గోడ కట్టినట్టు. అవ్వ దాన్ని కొంతసేపు చూసి, "ఊఁ" అని వెనక్కి తిరిగింది. తీసెయ్యమని ఏ మొహం పెట్టుకుని అడుగుతాం?

క్రషింగు మొదలైంది. అవ్వ చేనుకు ఫ్యాక్టరీ వాళ్ల కటింగు ఆర్డరు మొదట్లోనే వచ్చింది. చెరకు కొట్టేశాక మోళ్లను ఉంచితే అవే మళ్లీ మొలిచి రెండో పంట ఇస్తాయి, ఎవరైనా ఉంచుకుంటారు. అక్క ఆ ఊరు వెళ్లి వచ్చి, జీపు దిగీదిగకముందే మెట్ల కింది నుంచి అరిచింది. అవ్వ మోళ్లన్నీ దున్నించేసిందట. శనగ చల్లిందట. ఎందుకవ్వా అని అడిగితే, "చెరుకంటే యాష్టకొచ్చింది, గీయేడు శనగ కూర తినబుద్ధయింది" అందట. ఒక మనిషికి శనగ కూర తినాలంటే అంత చేను కావాలా? సార్ ఆ మాట విని కిటికీ దగ్గరికి పోయి మాకు వీపు పెట్టి నిలబడ్డాడు. మేం మా పని చూసుకున్నట్టు నటించాం.

చలి బాగా పెరిగిన ఒక ఉదయం ఆఫీసులో ఫోను మోగింది. కింద గిర్నీ అప్పుడే మొదలుపెట్టారు, ఏమీ వినిపించడం లేదు. రెండో చెవి మూసుకుని "ఎవరు?" అని అరిచాను.

"ఎవరా? మీ పుణ్యమా అని నా చేను పాడయితున్నది, ఎవరని అడుగుతవా?" అవ్వ గొంతు. "సారు లేడా? సారును పిలువు. ఏం మనుషులు మీరు! పొద్దుగాల్నే పోయి సూస్తే ఏమున్నది? చేనుల చేనంత మీ జింకలే. నా శనగ కొసలన్నీ కొరుక్కుంట, బంచరాయి దిక్కు పోతున్నయి. అదిలిస్తే పోయేటట్టు గూడ లేవు. తింటున్నయి, సూస్తున్నయి, మల్ల తింటున్నయి."

"ఎన్నున్నయవ్వా?" అన్నాను.

"లెక్క వెట్టుకునుడు మీ పని, నాది గాదు. జల్ది రాండ్రి. పెద్ద నల్లపోతొకటి నడిమిట్ల నిలవడ్డది, నన్ను సూసి గూడ ఉరుకుత లేదు. దానికెంత ధీమా ఉన్నది బిడ్డా!" ఆ చివరి మాట దగ్గర ఆమె తిట్టడం మరిచిపోయింది. వెంటనే గుర్తొచ్చినట్టు, "శనగ పోయిందని చెప్పు సారుకు" అని పెట్టేసింది.

ఫోను పెట్టి వెనక్కి తిరిగాను. సార్ కుర్చీలోంచి సగం లేచి అట్లాగే ఉన్నాడు. అక్క, భాయ్ గుమ్మంలో నిలబడ్డారు. నా కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి, వాళ్లకు ఏం అర్థమైందో ఏమో అందరి మొహాలూ పాలిపోయాయి.

"అవ్వ చేసింది సార్. తిట్టింది" అన్నాను. "మన జింకలు ఆమె శనగ తింటున్నయట."

సార్ కుర్చీలో కూర్చున్నాడు. కళ్లజోడు తీశాడు. కింద గిర్నీ తిరుగుతూనే ఉంది, బల్ల వణుకుతూనే ఉంది.

"ఏమన్నదో మళ్లా చెప్పు" అన్నాడు.

చెప్పాను, ఒక్క తిట్టు కూడా వదలకుండా.